ఏర్పాటు మనదైతే చదువు ఎవరిది?



ఫిల్మ్‌నగర్ బస్తీలో ఒక రేకుల షెడ్డు ఉంది. వారంలో ఆరు రోజులు దానికి తాళం. ఆదివారం పొద్దున అది ప్రార్థన మందిరం. అక్కడికొచ్చేది ఎవరు? స్టూడియోల్లో లైట్లు మోసేవాళ్లు, సెట్లకు మేకులు కొట్టేవాళ్లు, జూబ్లీహిల్స్ బంగళాల్లో అంట్లు తోమే మన ఆడవాళ్లు. ప్రకాశం, గుంటూరు, నల్లగొండ, పాలమూరు నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన మాల మాదిగలు.

ఈమధ్య ఒక ఆదివారం నేనూ అక్కడ కూర్చున్నాను. ఒక తల్లి సాక్ష్యం చెప్పడానికి లేచింది. కూతురు ఇంటర్ ఫస్టు క్లాసులో పాసయింది. డిగ్రీలో చేర్చాలనుకుంటున్నాను, ఫీజు కోసం ప్రార్థన చెయ్యండయ్యా అని అడిగింది. పాస్టరు అయ్యగారు ఏమన్నారో తెలుసా? లోకం పుట్టకముందే దేవుడు ఎవర్ని ఏరుకోవాలో వాళ్లని ఏరుకున్నాడమ్మా, నీ కూతురికి ఏది నిర్ణయించాడో అదే జరుగుతుంది, ఈ లోకపు చదువు ఆయన ముందు వెర్రితనం, బంగళా వాళ్లు పని ఇస్తామంటున్నారుగా ముందు అది చూసుకో అన్నారు. ఆ తల్లి ఆమెన్ అని కూర్చుంది. ఆ పిల్ల తల దించుకుంది.

ఆరాధన అయ్యాక నేను అయ్యగారిని పట్టుకున్నాను. ఇదేం మాటండీ అన్నాను. ఇది నా మాట కాదు, కాల్విన్ సిద్ధాంతం, గొప్ప గొప్ప పండితులు ఒప్పుకున్నది అన్నారు. సరే, మరి మీ పెద్దబ్బాయి ఏం చేస్తున్నాడండీ అని అడిగాను. ఇంజనీరింగ్ చదువుతున్నాడట. అంటే లోకపు చదువు అయ్యగారింట్లో వెర్రితనం కాలేదన్నమాట. మన ఇంటికొచ్చేసరికే అయింది!

ఆయన పేరు నేను రాయను. ఆయనొక్కడి తప్పు కాదిది. ఇలాంటి షెడ్లు ప్రతి మాలపల్లెలో, ప్రతి మాదిగ గూడెంలో ఉన్నాయి. ఇలాంటి ప్రసంగాలూ ఉన్నాయి. అందుకే ఈ మాట బహిరంగంగా తేల్చుకోవాలి.

కాల్విన్ ఎవరు? ఆయన చేసిందేమిటి?

జాన్ కాల్విన్ ఫ్రాన్సులో 1509లో పుట్టాడు. లా చదివాడు. లాటిన్, గ్రీకు నేర్చాడు. ఆయన అచ్చు వేసిన మొదటి పుస్తకం బైబిలు మీద కాదు, సెనెకా అనే రోమన్ తత్వవేత్త మీద. తర్వాత స్విట్జర్లాండులోని జెనీవాలో స్థిరపడ్డాడు. దేవుడు కొందర్ని ముందుగానే ఏర్పరచుకున్నాడు అన్న బోధ ఆయనదే. నిజమే. కానీ ఆ బోధ చేసి చేతులు ముడుచుకుని కూర్చున్నాడా? 1559లో జెనీవాలో అకాడమీ పెట్టాడు. చిన్నపిల్లల బడి దగ్గర్నుంచి పై చదువుల దాకా ఒకేచోట. అంతకుముందే, 1536లో, జెనీవా పౌరులు సభ చేరి పిల్లలందరూ బడికి పోవాలని, పేదల పిల్లలకు ఉచితంగా చెప్పాలని తీర్మానించుకున్నారు.

కాల్విన్ శిష్యులు స్కాట్లండులో 1560లో ఏం కోరారు? ప్రతి చర్చికీ ఒక పంతులు ఉండాలి, పేదపిల్లవాడు తెలివైనవాడైతే వాడి చదువు ఖర్చు చర్చి భరించాలి అన్నారు. 1696లో అక్కడ ఊరూరా బడి పెట్టాలని చట్టమే వచ్చింది. అమెరికాకు పడవెక్కిన కాల్విన్ మతస్థులు 1636లో హార్వర్డు పెట్టారు.

ఎందుకిలా చేశారు? వాళ్ల లెక్క సూటిగా ఉంది. దేవుడికీ మనిషికీ మధ్య పూజారి అక్కర్లేదు. ప్రతి మనిషీ వాక్యం తానే చదవాలి. చదవాలంటే అక్షరం కావాలి. అక్షరానికి బడి కావాలి. దున్నేవాడికీ, నేసేవాడికీ, వంటమ్మాయికీ కావాలి. అయ్యగారూ, మీరు చెప్పే కాల్విన్ బోధలో ఈ సగం ఎక్కడ పోయింది?

కాల్విన్‌ని నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. ఆయనదీ మచ్చలేని చరిత్ర కాదు. మిగుయెల్ సెర్వెటస్ అనే వైద్యుడున్నాడు. రక్తం ఊపిరితిత్తుల గుండా ఎలా తిరుగుతుందో యూరపులో ముందుగా రాసిన వాళ్లలో ఒకడు. మతం మీద వేరే మాట మాట్లాడాడని 1553లో అదే జెనీవాలో బతికుండగానే కాల్చేశారు. అతన్ని పట్టించింది కాల్విన్. కాబట్టి చదువు పెట్టిన చెయ్యీ అదే, ప్రశ్న అడిగినవాణ్ణి కాల్చిన చెయ్యీ అదే. రెండూ గుర్తుంచుకోవాలి.

చెప్పులు కుట్టినవాడు రాసిన తెలుగు వ్యాకరణం

ఇంకో మనిషి సంగతి చెబుతాను. మన మాదిగ వాడల్లో ఇంటింటా చెప్పుకోవాల్సిన పేరు. విలియం కేరీ. ఇంగ్లండులో చెప్పులు కుట్టుకుని బతికాడు. బాప్టిస్టు, కాల్విన్ బోధ నమ్మినవాడు. కుట్టే బల్ల పక్కనే పుస్తకం పెట్టుకుని లాటిన్, గ్రీకు, హీబ్రూ నేర్చాడు. గోడకు ప్రపంచ పటం అంటించుకున్నాడు. ఇతర దేశాల వాళ్లకు సువార్త చెప్పాలి అని పెద్దల సభలో లేచి అడిగితే, కూర్చోవోయ్, దేవుడు చెయ్యాలనుకుంటే నీ సాయం లేకుండానే చేసుకుంటాడు అని ఒక పెద్ద పాస్టరు గదమాయించాడని చెప్పుకుంటారు.

గమనించారా? ఫిల్మ్‌నగర్ షెడ్డులో ఆ తల్లి విన్నదీ అదే గదమాయింపు. అన్నీ ముందే నిర్ణయమైపోయాయి, నువ్వు కూర్చో! కేరీ కూర్చోలేదు. 1793లో బెంగాల్ వచ్చాడు. పండితుల సాయంతో భాష మీద భాష నేర్చాడు. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చు వేశాడు. 1818లో తోటివాళ్లతో కలిసి శ్రీరామపురంలో కాలేజీ పెట్టాడు. తెలుగు వ్యాకరణం పెద్ద పెద్ద శాస్త్రులకే తెలుస్తుందని మనల్ని తరతరాలుగా నమ్మించారు. ఇంగ్లీషువాళ్ల కోసం దాన్ని రాసిపెట్టినవాడు తోలు కుట్టినవాడు. తోలు పని తక్కువది, దాన్ని పట్టిన చేతికి అక్షరం అంటదు అనేవాడు ఎవడైనా ఉంటే ఈ మాట వాడి ముఖాన కొట్టండి.

ఒంగోలులో ఏం జరిగింది?

ఇక మన గడ్డకు వద్దాం. అమెరికన్ బాప్టిస్టు దొర జాన్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. బాప్టిస్టులందరూ గట్టి కాల్విన్‌వాదులు కారు. కానీ వాళ్ల మిషను ఆ బాటలోంచి వచ్చిందే. దేవుడు ఏర్పరచుకుంటాడన్న మాట వాళ్ల నోట్లో ఉంది. క్లౌ ఒంగోలులో బడి నడిపితే అగ్రవర్ణాల పిల్లలొచ్చారు. అప్పుడే తాళ్లకొండపాడు మాదిగ యెర్రగుంట్ల పేరయ్య వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక మాదిగలు గుంపులుగా రాసాగారు. వాళ్లని చేర్చుకుంటే మేం రాం, మా పిల్లల్ని పంపం అన్నారు అగ్రవర్ణాల వాళ్లు.

ఆ రాత్రి ఏం జరిగిందో క్లౌ తానే చెప్పుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక బైబిలు తెరిచాడట. ఇంకో గదిలో ఆయన భార్య కూడా తెరిచిందట. ఇద్దరికీ తగిలింది ఒకే చోటు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, ఒకటో అధ్యాయం. దేవుడు ఏరుకున్నది జ్ఞానుల్నీ ఘనుల్నీ కాదు, లోకం నీచంగా చూసినవాళ్లని అన్న భావం. దాంతో ఇద్దరూ తీర్మానించుకున్నారు. అగ్రవర్ణాలు పోతే పోనీ, మాదిగలు రావాలి.

ఇదీ ఏర్పాటు అంటే! పుట్టుక ఇచ్చిన యోగ్యత చెల్లదు, లోకం తోసేసినవాడే ముందు అని. ఆ మాట నమ్మినందుకు మన తాతలు తల ఎత్తారు. ఆదివారం పని చెయ్యం, చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు. వెట్టికి రామన్నందుకు కరణాలు, మునసబుల చేతిలో దెబ్బలు తిన్నారు. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వి బతికారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ముసలమ్మలు మొదటి అక్షరం దిద్దింది ఏ వీధిబడిలోనూ కాదు, పల్లె చివర బోధకుడి పాకలో. మతం మత్తుమందు అని ఒక్క ముక్కలో కొట్టిపారేసే కుర్ర మిత్రులు ఈ సంగతి మరిచిపోవద్దు.

వాళ్లకు కాలేజీ, మనకు బాప్తిస్మం

కానీ ఇక్కడే లెక్క తేడా వచ్చింది. పల్లెబడి దాటాక మనకు ఏ దారి తెరిచారు? ఆ మిషను 1872లో రామాపట్నంలో పెట్టిన పెద్ద బడి బోధకుల్ని తయారుచేసే బడి. మన కుర్రాడు తెలివైనవాడైతే వాడు పాస్టరు కావాలి. వాడు లాయరైతే? డాక్టరైతే? చరిత్ర రాసేవాడైతే?

అదే కాల్విన్ మతంవాళ్లు అటువైపు ఏం చేశారో చూడండి. స్కాట్లండు నుంచి అలెగ్జాండర్ డఫ్ 1830లో కలకత్తా వచ్చాడు. పై కులాల పిల్లలకు ఇంగ్లీషు చదువు చెబితే అది మెల్లగా కిందికి ఇంకుతుందన్నాడు. మద్రాసులోనూ స్కాట్లండు వాళ్లు 1837లో పెట్టిన బడే తర్వాత క్రిస్టియన్ కాలేజీ అయింది. తిరుత్తణిలో పుట్టిన తెలుగు బ్రాహ్మణుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఎక్కడ చదివాడు? వేలూరులో అమెరికా రిఫార్మ్‌డ్ చర్చివాళ్ల వూర్‌హీస్ కాలేజీలో. ఆపైన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో. రెండూ కాల్విన్ బాటవాళ్లవే! 1908లో ఎం.ఏ.కి ఆయన రాసిన సిద్ధాంత వ్యాసం దేని మీద? వేదాంతంలోని నీతి మీద. మిషనరీల విమర్శలకు మిషనరీల కాలేజీలోనే కూర్చుని జవాబు రాశాడు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్‌చాన్సలరయ్యాడు, 1962లో రాష్ట్రపతయ్యాడు.

తప్పు ఆయనది కాదు. దొరికిన చదువు వాడుకున్నాడు. నేనడిగేది మిషన్లని. బ్రాహ్మణుడికి బాప్తిస్మం లేని కాలేజీ ఇచ్చారు. మాదిగకు కాలేజీ లేని బాప్తిస్మం ఇచ్చారు. పైన పోసింది కిందికి ఇంకిందా? ఇంకదని 1882లోనే హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే చెప్పాడు. పెద్ద కులాల కాలేజీలకు డబ్బు తగలేసి శూద్రుల, అతిశూద్రుల పిల్లలకు ప్రాథమిక బడి లేకుండా చేశారని ఎండగట్టాడు. ఆ ఫూలే ఎక్కడ చదివాడనుకున్నారు? పూనాలో స్కాటిష్ మిషను బడిలో, 1841 నుంచి 1847 దాకా. ఆ మరుసటి ఏడే ఆడపిల్లలకు బడి పెట్టాడు. ఆయన బాప్తిస్మం తీసుకోలేదు. కానీ ఆ బడిలో నేర్చిన అక్షరాన్ని తిన్నగా మన వాడలకు తెచ్చాడు. చదివితే పిల్లలు విశ్వాసం వదిలేస్తారని అయ్యగార్ల భయం. ఫూలే లాంటివాడు తయారవుతాడని భయమా? అలాంటివాళ్లు వందమంది తయారవ్వాలి!

మన జాషువా సంగతీ ఇంతే. వినుకొండలో పుట్టాడు. పద్యం రాస్తే కులం తక్కువని పండితులు దూరం పెట్టారు. పురాణాలు చదువుతున్నాడని క్రైస్తవ పెద్దలు దూరం పెట్టారు. చివరికి ఆ జాషువా ‘క్రీస్తు చరిత్ర’కే 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. చదివిన మన మనిషిని చూసి రెండు గుళ్లూ ఉలిక్కిపడతాయన్నమాట.

కర్మకు చర్చి అంగీ

ఏర్పాటు బోధకు రెండు ముఖాలున్నాయి. ఒకటి, పుట్టుకతో ఎవడూ గొప్పవాడు కాడు అనేది. అది మనది. రెండోది, అన్నీ ముందే రాసిపెట్టి ఉన్నాయి, నీ చోటులో నువ్వుండు అనేది. అది మనకు కొత్తా? ఊళ్లో పూజారి చెప్పిందీ అదే కదా! పూర్వజన్మలో చేసుకున్నావు, ఇప్పుడు అనుభవించు. ఆ కర్మకు తెల్ల అంగీ తొడిగి దైవ నిర్ణయం అంటే మనం ఆమెన్ అనాలా?

ఈ రెండో ముఖం ఎంత దూరం పోతుందో దక్షిణాఫ్రికాను అడగండి. అక్కడి డచ్చి రిఫార్మ్‌డ్ చర్చి 1857లో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ ప్రభువు బల్ల విడివిడిగా పెట్టుకోవచ్చని ఒప్పుకుంది. ఆ చర్చి బిడ్డలే 1948లో అధికారంలోకొచ్చి వర్ణ వివక్షను చట్టం చేశారు. 1953లో నల్లపిల్లలకు వేరు చదువు పెట్టారు. కూలికి సరిపోయేంత చదువు. 1959లో తెల్లవాళ్ల విశ్వవిద్యాలయాల తలుపులు మూసేశారు. దీనికి బైబిలు ఆధారాలు వెతికిపెట్టినవాళ్లు చదువులేనివాళ్లు కారు, ప్రొఫెసర్లు! మరి దాన్ని పగలగొట్టింది ఎవరు? అదే కాల్విన్ బోధ చదివిన నల్ల పాస్టర్లు. అలన్ బోసాక్ లాంటివాళ్లు. 1982లో ఒటావాలో ప్రపంచ రిఫార్మ్‌డ్ చర్చిల సభ చేత వర్ణ వివక్ష మత ద్రోహమని అనిపించారు. సిద్ధాంతం ఒకటే. చదివినవాడు ఏ పక్కన నిలబడ్డాడన్నదే తేడా. మన పక్కన నిలబడాలంటే మనవాడు చదివి ఉండాలి.

ఈ గుట్ట మీది ఏర్పాటు

ఫిల్మ్‌నగర్‌లో ఇంకో ఏర్పాటుంది, రోజూ చూస్తూనే ఉన్నాం. హీరో కొడుకు హీరో. నిర్మాత కొడుకు నిర్మాత. లైటు మోసేవాడి కొడుకు లైటు మోసేవాడు. దీనికి ఏ కాల్వినూ అక్కర్లేదు, కులం చాలు. 1978లో ‘కరుణామయుడు’ తీశారు, మన పల్లెలన్నీ ఏడుస్తూ చూశాయి. కానీ సినిమాలో చర్చి ఎందుకుంటుంది? హీరో కొవ్వొత్తి వెలిగించడానికి. ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్లు ఏ వాడవాళ్లో, వాళ్ల పిల్లలు ఏం చదువుతున్నారో ఎవడికి కావాలి?

ఇదే జూబ్లీహిల్స్‌లో ఇంకో గేటు కూడా ఉంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో పుట్టింది, 1991లో దానికి బాబాసాహెబ్ అంబేడ్కర్ పేరు పెట్టారు. ఇంటర్ గడప తొక్కనివాళ్లకు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి మొదట్లో తెరిచింది అదే. పని చేసుకుంటూ తెలుగులో చదువుకునే వీలు తెచ్చింది. బస్తీ నుంచి ఆటో ఎక్కితే ఎంతో సేపు పట్టదు. ఆ షెడ్డులో ఎన్ని ప్రసంగాలు జరిగాయి! ఆ గేటు ఫలానా చోట ఉంది, పోయి అడగండి అని ఒక్క అయ్యగారైనా చెప్పాడా?

సర్కారు పెట్టిన తాళం

ఆ అమ్మాయితో దరఖాస్తు నింపించడానికి మేం ఇద్దరం కూర్చున్నాం. పేరు రాసింది. ఊరు రాసింది. మతం అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. అంకుల్, ఏం రాయాలి అంది.

ఏం చెప్పమంటారు? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకు, ముస్లింలకు లేదు. క్రైస్తవం అని రాస్తే బీసీ-సీ, ఒక్క శాతం. హిందువు అని రాస్తే ఎస్సీ. ఆ పిల్ల నిజం రాస్తే సీటు పోతుంది, అబద్ధం రాస్తే మోసగత్తె అంటారు. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో గొడ్డళ్లు పట్టుకొచ్చినవాళ్లు బాప్తిస్మం అడిగి నరికారా? 2023లో ఆంధ్ర అసెంబ్లీ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీద, పిల్ల గడి దగ్గర.

దీని మీద ఎన్ని చర్చిలు రోడ్డెక్కాయి? పండగలకు లక్షలమంది సభలు పెట్టేవాళ్లు ఆ ఒక్క గడి కోసం ఎన్ని సభలు పెట్టారు? లోకపు చదువు వెర్రితనమని నమ్మినవాళ్లు చదువు తలుపుకు తాళం పడితే ఎందుకు పట్టించుకుంటారు!

ఏం చెయ్యాలి?

విశ్వాసం వదిలెయ్యమని నేను చెప్పడం లేదు. అది మీ ఇష్టం. కానీ వాడవాడలా ఈ పనులు మొదలుపెట్టాలి.

ఆదివారం వాడి మిగతా ఆరు రోజులు తాళం వేసే మందిరం తాళం తియ్యాలి. సాయంత్రం పిల్లలకు అక్కడే చదువు చెప్పాలి. కానుకలో, దశమభాగంలో ఇంత అని పిల్లల ఫీజులకు పక్కన పెట్టాలి, ఆ లెక్క సంఘం ముందు చదవాలి. అయ్యగారు ఏర్పాటు గురించి బోధిస్తే మీ పిల్లలేం చదువుతున్నారని లేచి అడగాలి. గొడవ పడొద్దు, అడగండి చాలు. ఇంటర్ అయిన ప్రతి పిల్లనీ, పిల్లాణ్నీ సంఘటన కార్యకర్తలు జాబితా రాయాలి, ఎవరు ఆగిపోయారో చూడాలి. మతం గడి మీద ప్రతి మండలంలో అర్జీ పెట్టాలి.

ఆ అమ్మాయి ఆ గడి ఇంకా నింపలేదు. దరఖాస్తు వాళ్లమ్మ దిండు కింద ఉంది. గడువు దగ్గర పడుతోంది. బంగళావాళ్లు పనికి ఎప్పుడొస్తుందని రెండుసార్లు కబురు పంపారు. దేవుడు ఆ పిల్లని ఏరుకున్నాడో లేదో నేను చెప్పలేను. మనం ఏరుకున్నామా లేదా అన్నది మాత్రం ఈ వారంలో తేలిపోతుంది.

జై భీమ్!